రాజుగారి టవర్

లోవలక్ష్మికి వినయం తక్కువ. ఈ మాట ఆవిడ ఎదురుగా అన్నా ఏమీ అనుకోదు, పైగా నవ్వుతుంది. "పాకం రానివాళ్ళకి కావాలండీ వినయం, నాకెందుకు?" అంటుంది. భీమవరం చుట్టుపక్కల ఏ ఇంట నిశ్చితార్థం జరిగినా, ఓణీల ఫంక్షన్ జరిగినా పళ్ళేల్లో పెట్టే పంచదార చిలకలు ఆవిడ పొయ్యి మీంచి వెళ్ళాల్సిందే. చిలకలంటే చిలకలొక్కటే కాదు. నెమళ్ళు, హంసలు, పల్లకీ, గుడి గోపురం, అన్నీ పంచదారవే. తెల్లగా నిగనిగలాడుతూ ఉంటాయి, కొరికితే కరకరలాడతాయి.

చెప్పుకోవడానికి చిన్న పనే. పంచదారలో నీళ్ళు పోసి మరిగించి, చెంచాడు పాలు పోసి మురికి తీసేసి, పాకం పట్టాలి. ఆ పాకాన్ని గరిటెతో గిన్నె అంచుకేసి రుద్దాలి. రుద్దగా రుద్దగా తెల్లబారుతుంది. ఆ తెల్లబారే క్షణాన్ని పట్టుకుని, నీళ్ళలో నానిన చెక్క అచ్చుల్లో పొయ్యాలి. తొందరపడితే అచ్చుకి అంటుకుపోతుంది, ఆలస్యమైతే గిన్నెలోనే బిగుసుకుపోతుంది. ఆ క్షణం ఎప్పుడొస్తుందో లోవలక్ష్మి చెయ్యి చెబుతుంది. ఫోన్ మాట్లాడుతూ కూడా తప్పకుండా పోసేస్తుంది.

ఇంతవరకూ బాగానే ఉంది. ఆవిడ కడుపుమంట వేరే ఉంది.

ఆ అచ్చులు ఆవిడ మావగారు సత్తియ్య తొలిచినవి. టేకు చెక్కలో చిలక రెక్క మీది ఈకలు కూడా లెక్కపెట్టుకునేలా తొలిచాడు మహానుభావుడు. ఆయన పోయి ఎన్నో ఏళ్ళయింది. అయినా గుమ్మం మీద బోర్డు 'సత్తియ్య చిలకలు' అనే ఉంది. ఊరి వాళ్ళ ఫోన్లలో ఆవిడ నంబరు 'సత్తియ్య కోడలు' అనే పేరుతో ఉంది. పెళ్ళి కార్డు ఇవ్వడానికి వచ్చినవాళ్ళు కూడా పసుపు రాసిన కవరు మీద 'సత్తియ్య గారి కోడలికి' అనే రాస్తారు. యానాం నుంచి కాపురానికి వచ్చిన నాటి నుంచి పొయ్యి దగ్గర చేతులు కాల్చుకున్నది తను, పేరు మాత్రం ఆయనది. బోర్డు మార్పిద్దామని మొగుడు గంగయ్యతో ఒకసారి అంది. "నాన్న పేరు తీసేస్తే ఎవరొస్తారే?" అన్నాడు గంగయ్య. ఆయన మంచివాడే గానీ నాన్న అనే మాట దగ్గర మాత్రం కదలడు.

లోవలక్ష్మికి ఆ మాట మండింది. కాదనలేక ఇంకా మండింది. పాకం తనదే గానీ ఆకారం ఆయనది. బొమ్మని చూసేవాళ్ళు ఆకారాన్నే చూస్తారు. అందుకని చచ్చేలోగా మావగారి అచ్చు తగలని బొమ్మ ఒక్కటి చెయ్యాలి, దాన్ని చూసి ఒక్కరైనా ఇది ఎవరు చేశారని అడగాలి, తను నేనేనని చెప్పాలి. ఇదీ ఆవిడ కోరిక. బంగారం కాదు, మేడా కాదు, ఇంతే.

ఆషాఢం చివర్లో శ్రీనివాసరాజుగారింటి నుంచి ఫోన్ వచ్చింది. ఆయన రొయ్యల చెరువుల ఆసామి. ఫోన్ చేసింది వాళ్ళమ్మ బుల్లెమ్మగారు.

"ఏవే సత్తియ్య కోడలా! మా మనవరాలు కీర్తికి శ్రావణంలో నిశ్చితార్థం పెట్టుకున్నాం. చిలకలు మామూలే. వాటితోపాటు రాజుగారి టవరంట, అది కూడా పంచదారతో చెయ్యాలంట. పెద్దదిగా ఉండాలి, పళ్ళేల నడిమధ్యలో పెట్టుకుంటుందంట."

"రాజుగారి టవరాండీ?"

"ఆ, అదే. పిల్ల దానిమీద ప్రాణం పెట్టుకుంది. ఈ కాలం వాళ్ళ సరదాలు నాకేం తెలుస్తాయి! చెయ్యగలవా, లేదా?"

"ఆయ్, ఎంత మాటండీ! మీరు అడగడం, నేను చెయ్యకపోవడమా!" అంది లోవలక్ష్మి.

ఆ ఊళ్ళో రాజుగారంటే కిరీటం పెట్టుకున్న మనిషని ఎవరూ అనుకోరు. మేత ట్రాక్టరు వెనకాల బుల్లెట్టు మీద వచ్చేది రాజుగారే, ఐసు ఫ్యాక్టరీ పెట్టింది రాజుగారే, పేకాటలో ఓడి చిరాగ్గా ఇంటికెళ్ళేది కూడా రాజుగారే. ఇక రాజుగారి టవర్ అంటే అడిగే పనే లేదు. కాలవ గట్టున అమ్మిరాజుగారి కొబ్బరితోటలో ఫోన్ కంపెనీ వాళ్ళు వేసిన సెల్ టవర్. అదే బస్సు స్టాపు. ఆటోవాళ్ళు "రాజుగారి టవర్, రాజుగారి టవర్" అని కేకలు పెడుతూ జనాన్ని ఎక్కించుకుంటారు. కీర్తిప్రియ కాలేజీ బస్సు ఎక్కిందీ దిగిందీ అక్కడే. ఇప్పుడు హైదరాబాదులో ఏదో కంప్యూటర్ ఉద్యోగం చేస్తోంది, పాత రోజులు గుర్తొచ్చి ఉంటాయి అనుకుంది లోవలక్ష్మి. పెళ్ళికొడుకు మొదటిసారి కనపడింది కూడా ఆ టవర్ కిందేనేమో అని తనంతట తనే ఒక ప్రేమకథ అల్లేసుకుని మురిసిపోయింది. మొన్నటికి మొన్న ఎవరో పెళ్ళి మండపాన్ని రొయ్య ఆకారంలో కట్టించారు. దానిముందు టవర్ ఎంత!

అన్నిటికంటే ముఖ్యం, సత్తియ్య అచ్చుల్లో టవర్ లేదు.

మర్నాడు పొద్దున్నే వెళ్ళి ఆ టవర్ కింద మెడ ఎత్తి నిలబడింది. నాలుగు కాళ్ళు ఎలా పైకి దగ్గరవుతున్నాయి, అడ్డకమ్మీ ఎక్కడ ఉంది, ఏటవాలు కమ్మీలు ఒకదాన్నొకటి ఎక్కడ దాటుతున్నాయి, అన్నీ కళ్ళతోనే కొలుచుకుంది. అమ్మిరాజుగారు కొబ్బరికాయలు దింపించుకుంటూ చూశారు.

"ఏంటి సత్తియ్య కోడలా, సిగ్నల్ అందట్లేదా?"

"అందిందండి, బాగా అందింది" అని ఇంటికొచ్చేసింది.

అసలు తిప్పలు అప్పుడు మొదలయ్యాయి. సన్నటి పంచదార కమ్మీలు కావాలి. వెదురు బద్దల్లో పోస్తే పెళుసుగా విరిగిపోయాయి. చేత్తో పాముదామంటే వేళ్ళు బొబ్బలెక్కాయి. "నాన్న గోపురం అచ్చు ఉంది కదే, అదే పంపేద్దాం" అన్నాడు గంగయ్య. "నీ గోపురం నువ్వే ఎక్కి కూచో" అని కసిరి పెరట్లోకి వెళ్ళిందావిడ. అక్కడ బొప్పాయి చెట్టు ఉంది. దాని ఆకుల కాడలు పొడుగ్గా, లోపల బోలుగా ఉంటాయి. ఒకటి విరిచి కంటికి పెట్టుకుని ఆ చివరి నుంచి ఆకాశం చూసింది. అంతే, గంగయ్యని కేకేసింది.

కాడల్ని ఉడకబెట్టి చేదు పాలు వదిలించి, నిలువునా చీరి, దారం చుట్టి, నిలబెట్టి పాకం పోసింది. చల్లారాక దారం విప్పితే తెల్లటి కమ్మీ వచ్చింది, నున్నగా, నిటారుగా. ఆవిడ దాన్ని పట్టుకుని వీధి గుమ్మం దాకా పరుగెత్తి, చూపించడానికి ఎవరూ లేకపోతే వెనక్కి వచ్చి మళ్ళీ గంగయ్యకే చూపించింది. చెట్టుకి ఆకు లేకుండా చేసేశారు మొగుడూ పెళ్ళాలు. కమ్మీకి కమ్మీని వేడి పాకంతో అతికిస్తూ, శ్రావణం చెమ్మకి కరిగిపోకుండా పక్కన బొగ్గుల కుంపటి పెట్టుకుని, పీట మీద టవర్ నిలబెట్టింది. నడుమెత్తు ఉంది. పైన గుండ్రటి డబ్బాల్లాంటివి కూడా పెట్టింది. కొసన ఎర్ర లైటు కోసం స్వీటు కిళ్ళీలో వేసే చెర్రీ పండు తెప్పించి అతికించింది.

దూరంగా జరిగి చూసుకుంది. ఈకలు లేవు, తామరపూలు లేవు, మావగారి వేలిగుర్తు ఎక్కడా లేదు. మొత్తం తనదే. ఆవిడకి ఎంత సంతోషం వేసిందంటే ఆ పూట అన్నం తినబుద్ధి కాలేదు.

నిశ్చితార్థం రేపనగా పొద్దున్నే కీర్తిప్రియ స్కూటీ మీద వచ్చింది. గుమ్మంలో నవ్వుతూ చెప్పులు విడిచిన పిల్ల, పీట మీది బొమ్మని చూసి నవ్వు ఆపేసింది.

"ఇదేంటి ఆంటీ?"

"మీరడిగిందేనండి అమ్మాయిగారూ. రాజుగారి టవర్! చెర్రీ పండు చూశారా?"

కీర్తిప్రియ రెండు చేతులతో మొహం కప్పుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. రెండూ చేస్తోందని తర్వాత తేలింది. ఫోన్ తీసి చూపించింది.

ఫోన్‌లో ఒక పట్నం ఉంది. ఈ లోకంలో ఎక్కడా లేని పట్నం. వీధులన్నీ కాలవలే. లంకల మీద నీలం కప్పుల ఇళ్ళు, వాటి మధ్య తెరచాప పడవలు. అన్నిటి నడుమ తెల్లటి ఎత్తైన బురుజు ఒకటి మబ్బుల్లోకి లేచి ఉంది. దాని గోడ చుట్టూ పాములా మెలికలు తిరుగుతూ మెట్లున్నాయి. చిట్టచివర ఒక్కటే గది.

"నేను గేమ్స్ కంపెనీలో ఆర్టిస్టునండి. ఈ సిటీ అంతా నేనే గీశా. పేరు వరుణావతి. దీన్ని ఏలే రాజుగారు ఉండేది ఈ టవర్‌లో. మామ్మకి అదే చెప్పా, మా రాజుగారి టవర్ చేయించవా అని."

"ఏ రాజుగారో చెప్పాలి కదండీ మీ మామ్మగారు!"

"మామ్మకి నేను బొమ్మలేసుకుంటానని తప్ప ఇంకేం తెలీదు ఆంటీ. ఇంట్లో ఎవరికీ తెలీదు. రేపు వచ్చేవాళ్ళందరి ముందూ ఒక్కసారి చూపిద్దామనుకున్నా" అంది కీర్తిప్రియ.

లోవలక్ష్మికి గుండె జారిపోయింది. జారిన గుండెని పట్టుకునేలోపే కోపం వచ్చింది. జిల్లాలో ఉన్న రాజుగార్లందర్నీ మనసులో వరసపెట్టి తిట్టుకుంది. ఇంత చేసి, రేపు ఆ జనం మధ్య తన టవర్ నవ్వులపాలు కావాలా!

గంగయ్య మెల్లిగా గొంతు సవరించుకున్నాడు. "అమ్మాయిగారూ, నాన్న చేసిన గోపురం అచ్చు ఉందండి. తెల్లగా, పొడుగ్గా వస్తుంది. చూసేవాళ్ళకి ఇదీ అదీ ఒకటే."

కీర్తిప్రియ దిగులుగా తలూపబోయింది.

"అదొక్కటి జరగదు" అంది లోవలక్ష్మి. ఆ మాట కాస్త గట్టిగానే వచ్చింది. ఫోన్ లాక్కుని బొమ్మని దగ్గరగా, దూరంగా పెట్టి చూసింది. "ఇంతకీ ఈ పైన కూచున్నాయన పేరేంటి?"

"పేరు లేదు ఆంటీ. మేడ మీదివారు అంటారంతే. ఎవరూ చూడలేదు. మిస్టరీగా ఉండాలని మా ఆఫీసులో పేరు పెట్టనివ్వలేదు."

"ఊరంతా ఏలుతూ పేరు లేకుండా బతకడమేంటండీ! ఏం ఖర్మ?" ఆవిడకి నిజంగానే ఒళ్ళు మండింది. ఆ మంటలోనే ఒక ఆలోచన తట్టింది. "మీ నాన్నగారు ఇల్లు కట్టినప్పుడు స్తంభాల్లో ఇనప ఊచలు పెట్టారా లేదా? మీకు ఇప్పుడు కనపడుతున్నాయా? ఇది ఊచలనుకోండి. దీని చుట్టూ గోడ కడతా. గుండ్రంగా రాదు, నలుపలకగా వస్తుంది. మూలలుంటే మీ రాజుగారికి అభ్యంతరమా?"

కీర్తిప్రియ ఈసారి నిజంగా నవ్వింది. "లేదండి, నేను ఒప్పిస్తా."

చెప్పేశాక లోవలక్ష్మి చెయ్యి టవర్ మీద ఆగిపోయింది. గోడ కడితే ఈ కమ్మీలు ఒక్కటీ కనపడవు. బొప్పాయి కాడల సంగతి ఎవరికీ తెలియదు. జనం పైపై తెలుపు చూసి, ఇంకేముంది, సత్తియ్య చిలకలే అంటారు. కన్నబిడ్డకి తనే ముసుగేస్తున్నట్టు అనిపించి కళ్ళు చెమర్చాయి. ఎదురుగా ఆ పిల్ల ఆశగా చూస్తోంది. లోవలక్ష్మి ముక్కు చీదుకుని, కొసన ఉన్న చెర్రీ పండు ఊడదీసి కీర్తిప్రియ చేతిలో పెట్టింది. "తినేయండి. మీ రాజుగారి ఊళ్ళో కరెంటు లేదుగా" అంది.

గంగయ్య అరిటాకులు కోసుకొచ్చాడు. ఆకుల్ని తుడిచి నేల మీద పరిచి, వాటి మీద పాకం పల్చగా పోసింది లోవలక్ష్మి. ఆకు ఒలిస్తే పంచదార పలక వచ్చింది, దాని మీద ఆకు ఈనెల గీతలు సన్నగా, వరసగా పడ్డాయి. "అయ్యబాబోయ్, రాళ్ళు పేర్చినట్టే ఉంది!" అని కీర్తిప్రియ గెంతులేసింది. ఆ పిల్లే సేఫ్టీ పిన్నుతో పలకల మీద చిన్న చిన్న కిటికీలు గీసింది. మిగిలిన కమ్మీలు ముక్కలు కోసి గోడ చుట్టూ మెట్లు అతికించారు. గ్లాసులో పాకం పోసి పైగది చేశారు. మధ్యాహ్నం వాన పడితే కుంపటి చుట్టూ ముగ్గురూ చీరలూ తువ్వాళ్ళూ అడ్డం పట్టుకుని కాపలా కాశారు. దీపాలు పెట్టే వేళకి వరుణావతి రాజుగారి టవర్ పీట మీద నిలబడింది.

"రేపు అయిపోగానే గాజు పెట్టె చేయించి అందులో పెట్టేస్తా ఆంటీ. ఎప్పటికీ ఉంటుంది" అంది కీర్తిప్రియ.

"ఉండనివ్వండి" అంది లోవలక్ష్మి. లోపలి టవర్ కూడా ఎప్పటికీ లోపలే ఉంటుందన్నమాట అని అప్పుడు తట్టింది. ఆ సంగతి పైకి అనలేదు.

మర్నాడు శ్రీనివాసరాజుగారి హాల్లో చిలకల పళ్ళేల మధ్య టవర్ పెట్టగానే జనం మూగారు. సెల్ఫీలు దిగారు. కీర్తిప్రియ ఫోన్‌లో తన పట్నం చూపిస్తుంటే కాబోయే అత్తగారు కళ్ళజోడు సర్దుకుని మరీ చూసింది. "ఇదంతా నువ్వే గీశావా అమ్మా!" అని ఆవిడ అంటుంటే శ్రీనివాసరాజుగారు కూడా తొంగి చూశారు. కూతురి పనిని ఆయన చూడటం అదే మొదలు. ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. లోవలక్ష్మి వంటింటి గుమ్మం దగ్గర నిలబడి అది చూసి సంతోషించింది. అబద్ధం ఎందుకు, కాస్త ఈర్ష్య కూడా పడింది.

బుల్లెమ్మగారు కుర్చీలోంచి అందరికీ వినిపించేలా చెబుతున్నారు. "సత్తియ్య చిలకలంటే ఊరికే అయ్యాయా! ఆయన పోయినా ఆ అచ్చు పోలేదు." లోవలక్ష్మి పళ్ళు నూరుకుంది.

పళ్ళేలు మార్చుకోవడం అయ్యాక చిలకలు విరిచి పంచే వేళయింది. కీర్తిప్రియ గబగబా అడ్డం వచ్చింది. "మామ్మా, టవర్ వద్దు. దాన్ని అద్దాల పెట్టెలో పెడతాం."

"పంచదార బొమ్మని అద్దాల్లో పెడతారా ఎక్కడైనా? చీమలకా? శుభమా అని పెట్టినప్పుడు విరిచి నలుగురి నోట్లో పెట్టాలి" అన్నారు బుల్లెమ్మగారు. ఆ ఇంట్లో ఆవిడ మాటకి ఎదురు లేదు. పచ్చడిబండ తెప్పించుకుని, ముందుకు వంగి, గోడ మీద టకామని కొట్టారు.

ఒక పక్క గోడ మొత్తం ఊడి పళ్ళెంలో పడింది. లోపల్నుంచి కమ్మీల టవర్ బయటపడింది, తెల్లగా, నిటారుగా, ఒక్క కమ్మీ కూడా చెదరకుండా.

ముందు పిల్లలు మొదలెట్టారు. "సెల్ టవర్! సెల్ టవర్!"

"ఓర్నీ, ఇది మా తోటలోది కదా!" అని అమ్మిరాజుగారు లేచి నిలబడ్డారు. జనం గొల్లున నవ్వారు. మగపెళ్ళివారు మొహాలు చూసుకున్నారు. శ్రీనివాసరాజుగారికి కోపం వచ్చింది. "ఏంటిది? మాతో పరాచికాలా?"

గంగయ్య చేతులు జోడించేశాడు. లోవలక్ష్మి జోడించలేదు. కొంగు బిగించి పళ్ళేల దగ్గరికి నడిచి వెళ్ళింది.

బుల్లెమ్మగారు మాత్రం నవ్వలేదు. కళ్ళు చికిలించి ఆ కమ్మీల మీద వేలు రాసి చూస్తున్నారు. "ఇది సత్తియ్య అచ్చు కాదే. ఆయన అచ్చులన్నీ నాకు తెలుసు, నా పెళ్ళికీ ఆయనే పోశాడు. ఎవరి అచ్చు ఇది?"

"అచ్చు లేదండి" అంది లోవలక్ష్మి. "బొప్పాయి కాడల్లో పోశా. రాజుగారి టవర్ అంటే అమ్మిరాజుగారిది అనుకున్నా. పొరపాటే, కాదనను. కానీ పని మాత్రం పొరపాటు కాదండి. మీ మనవరాలి టవర్ నిలబడిందంటే దీనిమీదే నిలబడింది. మా మావగారికి ఇందులో ఏ సంబంధమూ లేదు. పాకం నాది, బుర్ర నాది, చెయ్యి నాది."

గంగయ్య తల వంచుకున్నాడు. మళ్ళీ తలెత్తి, "ఆయ్, దాని పనేనండి" అన్నాడు.

బుల్లెమ్మగారు కమ్మీ ఒకటి పుటుక్కున విరిచి నోట్లో వేసుకున్నారు. నెమ్మదిగా నమిలారు. అందరూ ఆవిడ నోటికేసే చూస్తున్నారు. ఆవిడ మింగి, లోవలక్ష్మిని కిందినుంచి పైదాకా, కొత్త మనిషిని చూసినట్టు చూశారు.

"ఇన్నేళ్ళబట్టి నీ చేతి పంచదార తింటున్నా" అన్నారు. "నీ పేరేంటే అమ్మాయ్?"

తిడితే ఏమనాలో లోవలక్ష్మి సిద్ధం చేసుకుంది. మెచ్చుకుంటే ఏమనాలో కూడా ఎప్పుడో సిద్ధం చేసుకుంది. ఇది మాత్రం అనుకోలేదు. కళ్ళమ్మట నీళ్ళు కారిపోయాయి. అన్ని మాటలు వచ్చిన ఆవిడకి రెండుసార్లు నోరు తెరిచినా మాట రాలేదు. మూడోసారి వచ్చింది.

"లోవలక్ష్మండి" అంది, వంటింట్లో ఉన్నవాళ్ళకి కూడా వినపడేలా.